కొనాలా, బాడుగకు తీసుకోవాలా? చిన్న వరి రైతుకు యంత్రాల లెక్క

 

అంబత్తూరులోనూ, చుట్టుపక్కలా ఉంటున్న మన తెలుగు కుటుంబాల్లో చాలామందికి నెల్లూరు, తిరుపతి, చిత్తూరు, తిరువళ్లూరు జిల్లాల్లో ఎకరమో రెండెకరాలో వరి పొలం ఇప్పటికీ ఉంది. తండ్రి ఇక్కడ ఇండస్ట్రియల్ ఎస్టేటులో పనిచేస్తుంటే, ఊళ్లో తాతగారో పెదనాన్నో సేద్యం చూసుకుంటారు. ఏప్రిల్, మే నెలల్లో చేతికొచ్చే ధాన్యం డబ్బే జూన్‌లో పిల్లల ఫీజుకు ఆసరా. అదే డబ్బు ట్రాక్టరు వాయిదాకు పోతే, ఫీజుకు వేరే అప్పు చేయాలి. కాబట్టి స్కాలర్‌షిప్పుల బులెటిన్‌లో సేద్యపు యంత్రాల వ్యాసం ఏమిటని ఎవరూ అనుకోవద్దని మనవి.

నేను కామర్సు చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇంజను ఎలా పనిచేస్తుందో చెప్పడం నా పని కాదు. చిన్న రైతు యంత్రాన్ని ఎప్పుడు కొనవచ్చు, ఎప్పుడు బాడుగకు తీసుకోవాలి, ఆ యంత్రం పూర్తిగా అక్కరకు రావాలంటే పొలంలో ఏమేమి మారాలి అన్న మూడు సంగతులు మాత్రం వివరిస్తాను.

ఏ పనికి యంత్రం ముందు వచ్చింది?

వరి సేద్యంలో పనులు రెండు రకాలు. నీరు తోడడం, దున్నడం, దమ్ము చేయడం, నూర్చడం, వడ్లు ఆడించడం బలంతో చేసే పనులు. నారు పీకి కుదురుగా నాటడం, కలుపు తీయడం కంటికీ చేతికీ నేర్పు కావలసిన పనులు. సాధారణంగా బలం పనులకే యంత్రాలు ముందుగా వచ్చాయి, నేర్పు పనులకు ఆలస్యంగా వచ్చాయి.

మన ప్రాంతంలోనూ అలాగే జరిగింది. 1900 తర్వాతి తొలి సంవత్సరాల్లో మద్రాసు రాజధానిలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే అధికారి బావుల మీద ఆయిల్ ఇంజను పంపులు పెట్టించడానికి కృషి చేశారు. అంతవరకు ఎడ్లతో కపిల తోలడమే దారి. రైసుమిల్లు వచ్చి దంపుడు పని తగ్గించింది. ట్రాక్టరు ఆ తర్వాతిది. 1960లో ఏర్పడిన టాఫే సంస్థ మాసీ ఫెర్గూసన్ సహకారంతో ట్రాక్టర్ల తయారీ ప్రారంభించింది. ఆ సంస్థకు పేరు తెచ్చిన సెంబియం ఫ్యాక్టరీ మన అంబత్తూరుకు ఎంతో దూరం లేదు. బెంగళూరులో 1967లో ఏర్పడిన వీఎస్‌టీ సంస్థ చిన్న మడులకు పనికొచ్చే పవర్ టిల్లర్లు తయారు చేసింది. కోత, నూర్పిడి ఒకేసారి చేసే కోత మిషను చాలాకాలం తర్వాత గాని మన ఊళ్లకు చేరలేదు. అన్నిటికంటే ఆలస్యంగా వచ్చిన నాట్ల మిషను ఈనాటికీ అందరికీ అలవాటు కాలేదు.

చిన్న కమతం, పెద్ద యంత్రం

2015-16 వ్యవసాయ గణాంకాల ప్రకారం మన దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు, అంటే సుమారు 2.7 ఎకరాలు. ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టార్లు, తెలంగాణలో 1 హెక్టారు, తమిళనాడులో 0.75 హెక్టార్లు. దేశంలోని కమతాల్లో నూటికి 86 రెండు హెక్టార్ల లోపువే.

విత్తనాన్ని మన పొలానికి తగినన్ని కిలోలే కొనుక్కోవచ్చు. ఎరువును అరబస్తా అయినా తెచ్చుకోవచ్చు. ట్రాక్టరును మాత్రం పావు వంతు కొనలేము. ముక్కలుగా కొనలేని వస్తువు ముక్కలుగా ఉన్న పొలానికి చేరాలంటే, దాని గంటలను కొనాలి. అదే బాడుగ. చిన్న రైతుకు యంత్రం ఆస్తిగా కాక సేవగా అందుతుంది. ఈ మాట మనసులో పెట్టుకుంటే మిగతా లెక్క సులభం.

ట్రాక్టరు లెక్క

ఈ కింది అంకెలన్నీ ఉదాహరణ కోసం తీసుకున్నవి. మీ ఊళ్లో ఉన్న ధరలు వేసి మళ్లీ లెక్క కట్టుకోవలసిందిగా కోరుతున్నాను.

పనిముట్లతో కలిపి ట్రాక్టరు ధర రూ. 8,00,000 అనుకుందాం. పదేళ్ల తర్వాత అమ్మితే రూ. 2,00,000 వస్తుందనుకుందాం. తరుగుదల ఏడాదికి రూ. 60,000. సగటున అందులో చిక్కుకున్న పెట్టుబడి రూ. 5,00,000. దాని మీద నూటికి పది చొప్పున వడ్డీ రూ. 50,000. బీమా వగైరా రూ. 10,000. మొత్తం రూ. 1,20,000. బండి షెడ్డులో ఊరికే నిలబడి ఉన్నా ఈ ఖర్చు తప్పదు. కామర్సు పుస్తకాల్లో దీన్నే స్థిర వ్యయం అంటారు.

బండి నడిస్తే గంటకు డీజిలు 4 లీటర్లు, లీటరు రూ. 90 చొప్పున రూ. 360. డ్రైవరుకు రూ. 120. మరమ్మతులకు రూ. 70. మొత్తం గంటకు రూ. 550. ఊళ్లో ట్రాక్టరు బాడుగ గంటకు రూ. 1,000 అనుకుంటే, సొంత బండి నడిచే ప్రతి గంటకూ రూ. 450 మిగులుతుంది. సొంత పొలంలో అయితే ఆదా, పక్కవారి పొలంలో అయితే రాబడి.

రూ. 1,20,000ను 450తో భాగిస్తే సుమారు 267 గంటలు. ఏడాదికి అన్ని గంటలు నడిస్తే గాని సొంత బండికీ బాడుగ బండికీ ఖర్చు సమానం కాదు.

మూడెకరాల రైతుకు ఎన్ని గంటల పని ఉంటుంది? దుక్కి, దమ్ము, చదును, తోలకం కలిపి ఎకరానికి ఒక పంటకు 5 గంటలు అనుకుంటే, రెండు పంటలకు 30 గంటలు. బాడుగకు తెచ్చుకుంటే రూ. 30,000తో పని అయిపోతుంది. కొంటే స్థిర వ్యయం రూ. 1,20,000, నడిపిన ఖర్చు రూ. 16,500, మొత్తం రూ. 1,36,500. మిగిలిన 237 గంటల పని బయట దొరికితేనే సరిసమానం. సొంత పొలంతోనే ఆ గంటలు నిండాలంటే దాదాపు 27 ఎకరాలు రెండు పంటలు పండాలి.

సబ్సిడీ ఉంది కదా అని అడగవచ్చు. సబ్సిడీకి గరిష్ఠ పరిమితి ఉంటుంది. అయినా సగం ధరే మన చేతినుంచి పడిందనుకుందాం. అప్పుడు తరుగుదల రూ. 20,000, వడ్డీ రూ. 30,000, బీమా రూ. 10,000, మొత్తం రూ. 60,000. అయినా 133 గంటలు కావాలి. సబ్సిడీ ధరను తగ్గిస్తుంది గాని పనిని తెచ్చిపెట్టదు. ట్రాక్టరు ఏడాదికి 1000 గంటలు పనిచేయాలన్నది బ్యాంకుల వ్యవసాయ విభాగాల్లో చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలత. దాని అర్థం ఇప్పుడు తేలిగ్గా బోధపడుతుంది.

లాభం వేరు, చేతిలో డబ్బు వేరు

పై లెక్క లాభనష్టాలది. వాయిదా లెక్క ఇంకొకటి. రూ. 8,00,000లో రూ. 6,00,000 అప్పు తీసుకుని ఆరేళ్లలో తీర్చాలనుకుందాం. మొదటి ఏడాది అసలు రూ. 1,00,000, నూటికి పది చొప్పున వడ్డీ రూ. 60,000, బీమా వగైరా రూ. 10,000. మొత్తం రూ. 1,70,000. గంటకు రూ. 450 చొప్పున దీనికి 378 గంటలు నడవాలి. అంటే 267 గంటలు నడిచి లెక్కలో నష్టం లేకుండా బయటపడినవాడు కూడా వాయిదా దగ్గర చిక్కుకుంటాడు.

పల్లెల్లో దుక్కి బాడుగ ఆ రోజే చేతికి రాదు. కోత అయ్యాక ఇస్తామంటారు. డీజిలు మాత్రం అప్పుడే పోయించాలి. ఈ మధ్య కాలానికి వేరే పెట్టుబడి కావాలి. దానికోసం నగలు కుదువకు వెళ్లడం, ఆ తర్వాత పిల్లల ఫీజు వెనకపడడం పరిపాటి. 2025 జనవరి 1 నుంచి రూ. 2,00,000 వరకు వ్యవసాయ రుణాలకు బ్యాంకులు తనఖా అడగరాదు. ట్రాక్టరు రుణం ఆ పరిమితిని దాటిపోతుంది. బండి హైపాథికేషన్ కింద ఉంటుంది, పొలం కూడా తనఖాకు వెళ్లవచ్చు. రెండెకరాల పొలం పత్రాలు ఇచ్చే ముందు రెండు రాత్రులు ఆలోచించడం మంచిది.

బాడుగ యంత్రం ఎలా బతుకుతుంది?

మరి ట్రాక్టరు కంటే ఎంతో ఖరీదైన కోత మిషను యజమాని ఎలా గట్టెక్కుతున్నాడు? పంటల కాలాలు ఊరూరికీ వేరు కావడం వల్ల. కృష్ణా, గోదావరి డెల్టాల్లో సార్వా కోతలు నవంబరు, డిసెంబరు నెలల్లో ముమ్మరంగా ఉంటాయి. కావేరి డెల్టాలో సాంబా కోతలు జనవరి, ఫిబ్రవరి నెలల్లో. నెల్లూరు జిల్లాలో పెన్నా ఆయకట్టు కింద ప్రధాన పంట కోతలు మార్చి, ఏప్రిల్ నెలల్లో. లారీ మీద ఎక్కించుకుని ఒక చోటి నుంచి మరో చోటికి తిరిగితే మిషనుకు చాలినన్ని గంటలు దొరుకుతాయి. ఒకే ఊళ్లో ఉంటే మూడు వారాల పని, తక్కిన కాలమంతా తుప్పు.

ఈ రాకపోకలు ఎంత ముఖ్యమో 2020లో తెలిసివచ్చింది. కరోనా లాక్‌డౌన్ వచ్చిన కొద్ది రోజులకే, మార్చి 27న, కేంద్ర హోం శాఖ కోత మిషన్లు రాష్ట్రాల మధ్య తిరగడానికీ, బాడుగ యంత్రాల కేంద్రాలు తెరవడానికీ మినహాయింపు ఇచ్చింది. అది నెల్లూరులో చేను కోతకొచ్చి ఉన్న సమయం.

ఇతర దేశాల అనుభవమూ ఇదే. బంగ్లాదేశ్‌లో 1988 వరదల్లో ఎడ్లు పెద్దసంఖ్యలో చనిపోయాక, ప్రభుత్వం పవర్ టిల్లర్ల దిగుమతి మీద ఆంక్షలు సడలించింది. చైనా టిల్లర్లు వచ్చాయి. అందరూ కొనలేదు. ఊరికి కొందరు కొని మిగతావారి పొలాలు బాడుగకు దున్నారు. మనకంటే చిన్న కమతాలున్న ఆ దేశంలో దుక్కి ఆ విధంగా యంత్రానికి మారింది.

బాడుగలో ఒక మెలిక ఉంది. కోత మిషనుకు సాధారణంగా గంట లెక్కన ఇస్తాం. పెద్ద మడిలో ఎకరం గంటలో కోస్తే, చిన్న చిన్న మడుల్లో మలుపులకే సమయం పోయి గంటన్నర పట్టవచ్చు. గంటకు రూ. 2,500 అనుకుంటే మొదటివారికి రూ. 2,500, రెండోవారికి రూ. 3,750. చిన్న రైతే ఎక్కువ చెల్లిస్తాడన్నమాట. దీనికి విరుగుడు, ఒకే కాలువ కింద పక్కపక్కన ఉన్న రైతులు ఒకే కాలపరిమితి రకం వేసి, ఒకే వారంలో నాటి, కోతకు కలిసి మిషను మాట్లాడుకోవడం. అప్పుడు మిషను మడి నుంచి మడికి ఆగకుండా పోతుంది, మధ్యవర్తి దగ్గర బేరానికీ బలం ఉంటుంది. ఇందులో పైసా పెట్టుబడి లేదు. పది మంది ఒక మాట మీద ఉండడమే కష్టం.

యంత్రం వస్తే పొలం మారాలి

మిషను తెచ్చినంత మాత్రాన పని కాదు. దానికి తగినట్టు పొలం తయారు కావాలి.

కోత మిషనుకు: కోతకు పది రోజుల ముందే మడిలో నీరు తీసేయాలి. నేల ఆరితే టైరు మిషను దిగుతుంది. బురద ఉంటే చెయిన్ మిషనే కావాలి, దాని బాడుగ ఎక్కువ. పడిపోయిన చేనులో సమయం, గింజ రెండూ నష్టం. కాబట్టి పడిపోని రకం ఎంచుకోవాలి, యూరియా అతిగా వేయకూడదు. గెనిమలు దాటి మిషను లోపలికి వెళ్లే దారి ముందే చూసుకోవాలి.

నాట్ల మిషనుకు: మామూలు నారుమడి పనికిరాదు. ట్రేలలో గాని, పాలిథిన్ షీటు మీద పలుచటి మట్టిలో గాని నారును చాపలాగా పెంచాలి. రెండు వారాలు దాటిన లేత నారునే వాడాలి. దమ్ము చేసిన మడి ఒకటి రెండు రోజులు తేరుకోవాలి, నీరు పలుచగా ఉండాలి, చదును బాగుండాలి. నారు పెంచడం కుదరకే చాలామంది ఈ మిషనును ఒక పంటతో వదిలేస్తున్నారు. నారు పెంచి, నాటి ఇచ్చేవారు దొరికిన చోట ఇది నిలబడుతుంది.

డ్రమ్ సీడరుకు: ఇంజను లేని, చేత్తో లాగే తేలికపాటి పరికరం. విత్తనాన్ని ఒకరోజు నానబెట్టి, మరో రోజు మండె కట్టి, మొలక తలచూపగానే డ్రమ్ముల్లో పోసి లాగితే 8 వరుసలు పడతాయి. నారూ అక్కర్లేదు, నాట్లూ అక్కర్లేదు. కానీ మొదట్లో మడిలో నీరు నిలపలేం కనుక కలుపు ఎక్కువగా వస్తుంది. కలుపుకు ముందే ఏర్పాటు చేసుకున్నవారికే ఇది లాభం. చిన్న రైతులు ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కోదగినది ఏదైనా ఉంటే ఇదే.

కోసిన తర్వాత

పూర్వం కోసిన చేను ఓదెల మీద ఆరి, కుప్పలో ఉండి, తర్వాత నూర్పిడికి వచ్చేది. మిషను కోస్తే పచ్చి గింజ ఆ గంటలోనే చేతికొస్తుంది. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం మించకూడదు. 850 కిలోల నెల్లూరు పుట్టి 22 శాతం తేమతో ఉంటే, 17 శాతానికి ఆరేసరికి సుమారు 799 కిలోలు అవుతుంది. తేడా 51 కిలోలు నీరే. ఆరబెట్టే కల్లం గాని, పట్టలు గాని లేని రైతు చేను గట్టు మీదే అమ్ముకోవాలి. వ్యాపారి ఆ నీటికి మించి తరుగు తీసినా కాదనలేడు. మిషను వల్ల కోతలో మిగిలిన డబ్బు కాటాలో పోవచ్చు. మిషను మాట్లాడుకునే ముందే ఆరబెట్టే చోటు చూసుకోవాలి.

గడ్డి కూడా లెక్కలోకి రావాలి. మిషను కోసిన గడ్డి నలిగి మడి అంతా చెదురుతుంది. పాడి పశువులున్న ఇంటికి అది నష్టం. బేలరుతో చుట్టించుకోవచ్చు, కానీ అది మరో బాడుగ.

కూలీల మాట

ఎకరం నాట్లకు రోజుకు సుమారు పదిమంది ఆడవాళ్లు కావాలి. వాళ్లు ఎందుకు తగ్గారు? 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకమే కారణమని చాలామంది రైతులు అంటారు. అది ఒక కారణం కావచ్చు. గుమ్మిడిపూండి సిప్‌కాట్, 2008లో మొదలైన శ్రీసిటీ వంటి పారిశ్రామిక వాడలు చుట్టుపక్కల పల్లెల యువతులకు నెలజీతం పనులు ఇచ్చాయి. నడుము వంచి బురదలో చేసే పనికి బదులు నీడలో పని దొరికితే ఎవరైనా వెళతారు. అందులో తప్పు పట్టవలసింది లేదు.

కానీ ఫ్యాక్టరీ వయసు దాటిన, భూమి లేని స్త్రీలు ఊళ్లోనే ఉన్నారు. నాట్లు, కోతలు, కోత కూలిగా వచ్చే వడ్లు వాళ్లకు ఏడాది తిండి. మిషను బాడుగలో రైతుకు కలిసొచ్చిన సొమ్ము కొంతవరకు వాళ్ల చేతినుంచి పోయినదే. మన ట్రస్టుకు వచ్చే దరఖాస్తుల్లో రైతు బిడ్డలవే కాదు, ఆ కూలితల్లుల బిడ్డలవీ ఉంటాయి. యంత్రాన్ని వద్దనలేం. నారు ట్రేలు పెంచడం, కలుపు యంత్రాలు నడపడం వంటి కొత్త పనుల్లో ఆ స్త్రీల సంఘాలకు మొదటి చోటు ఇవ్వమని ఊళ్లో అడగవచ్చు.

ప్రభుత్వ సహాయం

2014-15లో కేంద్రం ప్రారంభించిన వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకంలో చిన్న, సన్నకారు రైతులకు, స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీ రైతులకు యంత్రాల మీద 50 శాతం వరకు సబ్సిడీ పెట్టారు. గ్రామంలో రైతులు సంఘంగా ఏర్పడి యంత్రాల బ్యాంకు పెట్టుకుంటే సహాయం అంతకంటే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్ 7న గుంటూరులో 3,800 ట్రాక్టర్లు, 320 కోత మిషన్లు రైతు సంఘాలకు అందజేశారు. అందులో 40 శాతం సబ్సిడీ, 50 శాతం సహకార బ్యాంకు రుణం, 10 శాతం రైతుల వాటా. తమిళనాడులో వ్యవసాయ ఇంజనీరింగ్ శాఖ తన యంత్రాలను ప్రభుత్వ ధరకు బాడుగకు ఇస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లు, కోత మిషన్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది.

సంఘం పెట్టినా మన లెక్క మారదు. ఆ యంత్రం ఏడాదికి ఎన్ని గంటలు నడుస్తుంది? బాడుగ ఎవరు వసూలు చేస్తారు? మరమ్మతు నిధి విడిగా ఉందా? ఈ మూడింటికి సమాధానం లేని సంఘాల యంత్రాలు రెండేళ్లకు మూలపడతాయి. రాబడి, ఖర్చు రాసే పుస్తకం ఒకటి, నడిచిన గంటలు రాసే పుస్తకం ఒకటి, రెండూ ఉండాలి.

విద్యార్థులకు

ఈసారి ఊరికి వెళ్లినప్పుడు ఈ అయిదు ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి.

1. మన పొలంలో ఏడాదికి ట్రాక్టరు పని ఎన్ని గంటలు?
2. ఊళ్లో బాడుగ గంటకు ఎంత, డబ్బు ఎప్పుడు ఇవ్వాలి?
3. పోయిన కోతలో ఎకరానికి మిషను ఎన్ని నిమిషాలు పట్టింది?
4. ధాన్యం అమ్మినప్పుడు తేమ ఎంత, తరుగు ఎంత తీశారు?
5. పక్క మడుల వాళ్లు ఏ రకం, ఏ వారంలో నాటారు?

పెద్దవాళ్లకు ఇవన్నీ తెలుసు. ఒకచోట రాసి ఉండవు, అంతే. మీరు రాసి కూడితే, కొనాలా వద్దా అన్నది వాదన లేకుండా తేలిపోతుంది.

ఈ రంగంలో చదువుకోదలచినవారికి బాపట్లలోనూ, కోయంబత్తూరులోనూ వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాలలు ఉన్నాయి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ఐటీఐ, డిప్లొమా చదివినవారు కోత మిషను మరమ్మతు నేర్చుకుంటే, కోతల కాలంలో వారికి తీరిక ఉండదు. కామర్సు విద్యార్థులు ఒక రైతు సంఘానికి ఏడాది లెక్కలు రాసిపెట్టినా, తరగతిలో నేర్చిన స్థిర వ్యయం, అస్థిర వ్యయం అంటే ఏమిటో జన్మలో మరచిపోరు.

తల్లిదండ్రులకు చివరగా ఒక మనవి. ట్రాక్టరు ఇంటి ముందు నిలబడితే గౌరవమే, కాదనను. ఆ గౌరవానికి ఏడాదికి ఎంత చెల్లిస్తున్నామో మీ పిల్లల చేత ఒకసారి లెక్క వేయించి, ఆ తర్వాతే పత్రాల మీద సంతకం పెట్టండి.